ఇంటర్వెల్ పెదనాన్న

మా పెదనాన్నకు ఒకటే జబ్బు. ఏ పనినీ మధ్యలో ఆపకుండా పూర్తి కానివ్వడు. పని తనదైనా సరే, పక్కవాడిదైనా సరే, ముక్కూమొహం తెలియనివాడిదైనా సరే, సగానికి వచ్చేసరికి కుడిచెయ్యి పైకెత్తి, గొంతు సవరించుకుని, "ఇంటర్వెల్!" అని ప్రకటిస్తాడు. అంతే, ఇక ఆ పని ఆగాల్సిందే. మొండికేసినవాళ్ళను భుజం మీద చెయ్యి వేసి మరీ వీధి చివర టీ కొట్టు దాకా నడిపించుకెళ్తాడు.

ఇది గాల్లోంచి పుట్టిన జబ్బు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన సినిమాహాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. రీలు ఎక్కించడం, రీలు దించడం, తెగితే అతికించడం, సగంలో ఇంటర్వెల్ ఇవ్వడం, ఇదే ఆయన జీవితం. చివరికి ఆ హాలు మూసేశారు. కుర్చీలు ఒకరు పట్టుకుపోయారు, పరదాలు ఒకరు పట్టుకుపోయారు. ఇంటర్వెల్‌ను మాత్రం ఎవరూ అడగలేదు కాబట్టి ఈయన ఇంటికి తెచ్చుకున్నాడని పెద్దమ్మ అంటుంది. దాంతోపాటు హాల్లో మోగే బజరు కూడా తెచ్చి మేడమెట్ల కింద బిగించాడు. పైన మేముంటాం, కింద వాళ్ళుంటారు. అది మోగితే రెండు వాటాల్లోనూ గిన్నెలు అదురుతాయి.

భోజనానికి కూర్చుంటే సగం తిని లేచేవాడు. వరండాలో అటూ ఇటూ పచార్లు చేసి, వీధి చూసి వచ్చేవాడు.

"ఏమండీ, కూర చల్లారిపోతోంది."

"సెకండాఫ్‌లో వేడి చేద్దువుగాని."

"ఎన్నిసార్లు వేడి చెయ్యను? అది కూరనుకున్నారా, ఇస్త్రీపెట్టె అనుకున్నారా?"

ఒకసారి క్షవరానికి వెళ్ళి, ఎడమవైపు కత్తిరింపు అయ్యీ అవగానే చెయ్యెత్తాడు. మెడకు కట్టిన తెల్లగుడ్డతోనే టీ కొట్టుకు వచ్చి కూర్చున్నాడు. ఎడమపక్క నుంచి వచ్చినాయన "బాగా కుదిరిందండీ క్రాపు" అన్నాడు. కుడిపక్క నుంచి వచ్చినాయన "ఏం గురువుగారూ, జుట్టు ఇంత పెంచారు, మొక్కుందా?" అన్నాడు. ఇద్దరికీ పెదనాన్న ఒకే గాంభీర్యంతో తల ఊపాడు.

పళ్ళ డాక్టరు దగ్గర ఇంకా ఘోరం. ఆ డాక్టరు పట్టకారుతో పన్ను పట్టుకున్నాక ఈయన చెయ్యెత్తాడు. నోరు తెరిచి ఉంది కాబట్టి మాట రాలేదు, "హిం... హె..." అని మాత్రం అన్నాడు. పాపం నొప్పి కాబోలనుకుని డాక్టరు ఇంకో మత్తుసూది పొడిచాడు. ఇంటికి వచ్చాక సాయంత్రం దాకా పెదవులు కదలక ఒక్క ఇంటర్వెల్ కూడా ప్రకటించలేకపోయాడు. ఆ రోజు ఇంటిపనంతా ఒక్క బిగిన పూర్తయిపోయిందనీ, మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో కనుక్కోమనీ పెద్దమ్మ మా నాన్నను అడిగింది.

ఇక తగాదాలంటే ఆయనకు పండగే. ఎదురింటి అన్నదమ్ములు ఇద్దరూ ప్రహరీగోడ గురించి వీధిన పడ్డారు ఒకసారి. చుట్టూ జనం. తమ్ముడు చొక్కాచేతులు పైకి మడిచి, "అసలు నీ గురించి మీ మామగారు నాతో ఏమన్నాడో చెప్పమంటావా?" అన్నాడు. జనం ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు గుంపులోంచి ఒక చెయ్యి పైకి లేచింది.

"ఇంటర్వెల్!"

జనానికి ఒళ్ళు మండింది. అన్నదమ్ములకు అర్థం కాలేదు. పెదనాన్న ఇద్దరినీ చెరో భుజం కిందా ఇరికించుకుని టీ కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఆయనది ఒకటే నియమం. ఇంటర్వెల్లో ఫస్టాఫ్ గురించి మాట్లాడకూడదు. కాబట్టి ముగ్గురూ వాన గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు. గ్లాసులు ఖాళీ అయ్యాక, "ఊఁ, ఇక మొదలెట్టండి" అన్నాడు పెదనాన్న.

"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు తమ్ముడు.

"మా మామగారి దాకా."

"ఓహో... పోనీలే అన్నయ్యా, ఆయన ఏదో అంటూనే ఉంటాడు."

ఇక నా సంగతి. నాకు పశువుల డాక్టరు కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. దానికి దేశమంతటికీ కలిపి ఒకే ప్రవేశపరీక్ష. ఆ పరీక్షకు నేను చదివిన చదువు చూసి పుస్తకాలే నీరసపడ్డాయి. పళ్ళు తోముకుంటూ చదివాను, జడ వేసుకుంటూ చదివాను, తింటూ చదివాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండా మంచినీళ్ళనుకుని, అమ్మ పూలకుండీల కోసం ఎరువు కలిపి పెట్టిన చెంబు ఎత్తి ఒక గుక్క తాగేశాను కూడా. నిద్ర అంటే బల్ల మీద తల వాల్చడమే. స్నేహితురాళ్ళు పలకరిస్తే "పరీక్ష అయ్యాక" అనేదాన్ని. కొన్నాళ్ళకు పలకరించడం మానేశారు.

ఆ రోజుల్లో పెదనాన్న మా గుమ్మం దాకా వచ్చి చెయ్యి సగం ఎత్తేవాడు. "అన్నయ్యా, దాని జోలికి మాత్రం రాకు, నీకు దణ్ణం పెడతాను" అనేవాడు నాన్న. ఎత్తిన చేత్తో తల గోక్కుని వెనక్కి వెళ్ళిపోయేవాడు ఆయన.

ఫలితాలు వచ్చిన రోజు నాన్న నా భుజం మీదుగా కంప్యూటరు తెర వంక చూసి, "ఎవరిదే ఈ ఫోన్ నంబరు?" అన్నాడు.

"ఫోన్ నంబరు కాదు నాన్నా, నా ర్యాంకు."

మా నాన్న గాజుసీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తాడు. బెల్టు మీద సీసాలు వరసగా కదిలి వస్తుంటాయి. ఒకదాంట్లో గాలిబుడగ, ఒకదానికి సన్నని పగులు. అలాంటివి కనిపించగానే ఏరి పక్కనున్న తొట్టిలోకి విసిరేయాలి. వాటిని మళ్ళీ కరిగిస్తారు. మంచివాడే, కానీ కళ్ళు ఎప్పుడూ లోపం మీదే ఉంటాయి. ఇంట్లో కూడా గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తేగానీ మంచినీళ్ళు తాగడు.

ఆ రోజు ఆయన గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాడు. గొంతు మెట్టు మెట్టుగా పైకి వెళ్ళింది. "ఏడాదంతా తలుపులు మూసుకుని చదివిన చదువు ఇదా? కాలు కింద పెట్టనిచ్చామా నిన్ను? నలుగురూ అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అమ్మ "ఊరుకోండి" అంటోంది. నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఏడిస్తే ఇంకా అంటాడని ఏడవలేదు. లోపల మాత్రం నిర్ణయం అయిపోయింది. ఇక పుస్తకం ముట్టుకోను, ఈ పరీక్ష పేరెత్తను.

"మా ఫ్యాక్టరీలో బెల్టు మీదకి ఇలాంటి సీసా వస్తే ఏం చేస్తామో తెలుసా నీకు?" అన్నాడు నాన్న, నా వైపు తిరిగి. "తీసి..."

"ఇంటర్వెల్!"

గుమ్మంలో పెదనాన్న. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బునురగ. ఒక కాలికే చెప్పు ఉంది. రొప్పుతున్నాడు. ఎత్తిన చేతిలో గడ్డం గీసుకునే బ్లేడు ఉంది కాబట్టి నాన్న కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అన్నయ్యా, నేను మాట మధ్యలో ఉన్నాను!"

"అందుకే ఇంటర్వెల్. మాట అయిపోయాక వేస్తే అది శుభం కార్డు. పద టీకి."

"ఇప్పుడా? ఈ పరిస్థితిలోనా?"

"పిల్లా, నువ్వు కూడా. ఆ ఫ్రిజ్ ఎక్కడికీ పోదు, వదిలెయ్."

సగం గడ్డంతో ఆయన, కోపంతో నాన్న, వంచిన తలతో నేను. వీధంతా మమ్మల్ని చూసింది. టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. నాన్న అలవాటుగా గ్లాసును వెలుతురుకు ఎత్తాడు. "బాగానే ఉందిలే, తాగు" అన్నాడు పెదనాన్న. ఫస్టాఫ్ గురించి మాట్లాడకూడదు కాబట్టి పెదనాన్న వాన గురించి మొదలెట్టాడు.

కొట్టు దగ్గర తిరిగే కుక్క ఒకటి కుంటుతూ వచ్చి బల్ల కింద చేరింది. చెయ్యి ఊరుకోదు కదా, దాని కాలు తీసి చూశాను. అరికాలి మెత్తలో గాజుపెంకు దిగి ఉంది. అది గుర్రుమంది. చెవి వెనక రాస్తూ, మెల్లిగా మాట్లాడుతూ, గోళ్ళతో లాగేశాను. కొట్టాయన ఇచ్చిన వేడినీళ్ళతో కాలు కడిగాను. అది నా చెయ్యి నాకింది. తల ఎత్తి చూస్తే నాన్న గ్లాసు పక్కన పెట్టి నన్నే చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక సెకండాఫ్ చాలా చిన్నదిగా జరిగింది.

"మళ్ళీ రాస్తావా?" అన్నాడు నాన్న.

గంట క్రితమైతే రాయనని చెప్పేదాన్నే. చేతి మీద ఇంకా కుక్క వాసన వస్తోంది. "రాస్తాను" అన్నాను.

"సరే" అన్నాడు, ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

నేను ఈసారి ఇంకా గట్టిగా చదవాలని తీర్మానించుకున్నాను. అప్పట్లో నా బుర్రకు అంతకంటే తోచలేదు. గోడకు టైంటేబుల్ అంటించాను. సూది దూరే సందు కూడా లేని టైంటేబుల్. స్నానానికి ఒక గడి, తల తుడుచుకోవడానికి గడి లేదు. మర్నాడు మొదటి పుస్తకం మొదటి పేజీ తీశాను. పేజీ తిరగేస్తుండగా మెట్ల కింద బజరు మోగింది. నేను కదల్లేదు. మళ్ళీ మోగింది. మూడోసారి మోగినప్పుడు అమ్మ పైనుంచి, పెద్దమ్మ కిందనుంచి ఒకేసారి అరిచారు, "వెళ్ళవే తల్లీ, చెవులు పోతున్నాయి!"

"పెదనాన్నా, నన్ను చదువుకోనివ్వవా?" అన్నాను మెట్లు దిగుతూ.

"ఇంటర్వెల్ లేని ఆట నేనెప్పుడూ వెయ్యలేదమ్మా."

"ఇది ఆట కాదు, పరీక్ష!"

"పరీక్షకి టికెట్ ఉంటుందా?"

"హాల్ టికెట్ ఉంటుంది."

"హాలుంటుందా?"

"ఉంటుంది."

"నంబరేసిన సీటు?"

"అదీ ఉంటుంది."

"గంట కొడతారా?"

"కొడతారు."

"మరి ఇన్ని పెట్టినవాడు ఇంటర్వెల్ ఎందుకు పెట్టలేదు? మర్చిపోయుంటాడు. పద, వేయించిన పల్లీలు ఉన్నాయి."

అరుగు మీద కూర్చున్న నాన్న వైపు చూశాను కాపాడమని. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, "పోయినసారి నా పద్ధతిలో ఆడించాం, హాలు ఖాళీ అయింది. ఈసారి అన్నయ్య పద్ధతి చూద్దాం" అన్నాడు.

ఆ పద్ధతి ఏమిటో వినండి. పూట పూటకీ బజరు. బజరు మోగితే ఏదో ఒక పని. సైకిల్ చెయిన్ వెయ్యడం, పెద్దమ్మకు కూరగాయలు తరిగిపెట్టడం, కుక్క కాలు చూసి రావడం, ఊరికే అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడటం. పుస్తకం చంకలో పెట్టుకుని దిగితే లాక్కుని పెద్దమ్మ బియ్యండబ్బాలో వేసేవాడు. స్నేహితురాళ్ళను తనే పిలిచి, "మా హాల్లో రోజూ సాయంత్రం ఇంటర్వెల్ ఉంటుంది, రండి" అని చెప్పొచ్చాడు. రాత్రి అయితే "ఆఖరాట అయిపోయింది, హాలుకి తాళం" అని కేకేసి మా వాటా ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. మొదటిరోజు చీకట్లో నాన్న స్నానాలగదిలో ఉండిపోయాడు. తరవాత నుంచి నాన్నే నా గది దీపం ముందుగా ఆర్పేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ ఒక వింత జరిగింది. పల్లీలు తిని పైకి వెళ్ళాక చదివితే, అంతకుముందు రాయిలా ఉన్న పేజీ మెత్తబడేది. నిద్రపోయి లేస్తే నిన్నటి పాఠం నిన్నటి చోటే ఉండేది. ఈ సంగతి ఆయనకు చెబితే ఇంటర్వెల్స్ పెంచుతాడని చెప్పలేదు.

ఒకరోజు ఆయన పైకి వచ్చి నా బల్ల మీద పుస్తకం చూశాడు.

"మొదటి నుంచి మళ్ళీ చదువుతున్నావా?"

"అవును. అన్నీ మొదటి నుంచి."

"పోయినసారి ఎక్కడ తెగింది?"

"అంటే?"

"రీలు తెగితే మేం టైటిల్స్ నుంచి మళ్ళీ వెయ్యమమ్మా. జనం కుర్చీలు విరగ్గొడతారు. తెగిన చోటు చూస్తాం, అతికిస్తాం, అక్కణ్ణించి నడిపిస్తాం. నీకెక్కడ తెగింది?"

ఆ పరీక్షహాలు గురించి ఆలోచించడమే మానేసి ఉన్నాను. బలవంతాన గుర్తు చేసుకుంటే అప్పుడు తెలిసింది. ఫిజిక్సులో నీళ్ళతొట్టి లెక్క దగ్గర తెగింది. ఒక గొట్టం నింపుతుంది, ఒక గొట్టం ఖాళీ చేస్తుంది, తొట్టి ఎప్పుడు నిండుతుంది? ఆ లెక్క రాక, వదలలేక, అక్కడే కూర్చుండిపోయాను. దాని తరవాత ఉన్న ప్రశ్నలు చాలావరకు నాకు వచ్చినవే. వాటి మొహం కూడా సరిగా చూడలేదు. అంటే నాకు చదువు రాక కాదు, ఒకచోట తెగితే లేచి ముందుకు నడవడం రాక సీటు పోయింది. ఆ మాట పైకి అన్నాను.

"నాకు ఆ తొట్టి సంగతి తెలీదు" అన్నాడు పెదనాన్న. "అయినా ఒకవైపు నింపుతూ ఇంకోవైపు ఖాళీ చేసేవాడికి బుద్ధుండాలి. ముందు ఆ గొట్టం మూసెయ్యమను."

ఆ రోజు నుంచి తొట్టి లెక్కలు, వాటి చుట్టాలూ పట్టుకున్నాను. తక్కినవి పైపైన చూసుకున్నాను. వారానికోసారి గడియారం పెట్టుకుని నమూనా పరీక్ష రాసేదాన్ని. కాపలా పెదనాన్నే. సగం పరీక్షలో బజరు నొక్కి పల్లీల పొట్లం పట్టుకొచ్చేవాడు.

"అసలు పరీక్షలో ఇలా ఎవరూ రారు పెదనాన్నా!"

"అయితే నువ్వే వేసుకో" అన్నాడు, నా ప్రశ్నపత్రం మీద పల్లీలు పోసి.

పరీక్షరోజు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అలాంటి హాలే, అలాంటి సీటే. పత్రం సగంలో, ఈసారి తొట్టి బదులు ఎదురెదురుగా వచ్చే రైళ్ళు. పోయిన ఏడాదిలాగే అక్కడే ఇరుక్కుపోయాను. ఆ రైళ్ళు ఎంతకీ కలవడం లేదు. అప్పుడు చెవిలో మెట్ల కింది బజరు మోగింది, ఒట్టు, మోగింది. కలం బల్ల మీద పెట్టేశాను. కళ్ళు మూసుకున్నాను. టీ కొట్టు, బల్ల కింద కుక్క, సగం నురగతో పెదనాన్న మొహం. నాకు నవ్వొచ్చింది. పర్యవేక్షకురాలు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అంది. "ఇంటర్వెల్ మేడమ్" అనబోయి నాలుక కొరుక్కున్నాను. రైళ్ళను వాటి దారిన వదిలేసి ముందుకు వెళ్ళాను. అన్నీ అయ్యాక తిరిగొచ్చి చూస్తే మర్యాదగా కలిశాయి.

దేశంలో మొదటి ర్యాంకు రాలేదు, కంగారుపడకండి. నాన్న ఈసారి దాన్ని ఫోన్ నంబరని మాత్రం అనలేదు. పశువైద్య కళాశాలలో సీటు వచ్చేంత వచ్చింది. అది చాలు. అమ్మ ఏడ్చింది. నాన్న నా ఫలితం కాగితం మీద తీయించి తెచ్చుకుని, అలవాటుగా వెలుతురుకు ఎత్తి చూసి, తనే సిగ్గుపడి దించేశాడు.

ఆ సాయంత్రం కింద వాటాలో అందరం కూర్చున్నాం. పెదనాన్న మెట్ల దగ్గర బజరు విప్పి దుమ్ము దులుపుతున్నాడు. నాన్న గొంతు తగ్గించి నాతో అన్నాడు. "ఆ రోజు నేనో మాట అనబోయాను. అనేసి ఉంటే మళ్ళీ నీ మొహం ఎలా చూసేవాణ్ణో తెలీదు. సమయానికి అన్నయ్య రావడం నా అదృష్టం."

బీన్స్ ఈనెలు తీస్తున్న పెద్దమ్మ తల ఎత్తింది. "అదృష్టమేంటయ్యా? నీ గొంతు పెరగడం విని గడ్డం సగంలో వదిలేసి మెట్లెక్కాడు. రొప్పుతూనే తలుపు పక్కన నిలబడ్డాడు, నువ్వు ఆ మాట దాకా వస్తావా రావా అని."

"అదేంటి?" అన్నాను నేను. "ఆయనకి సగమైతే చాలు కదా, ఇంటర్వెల్ పడుతుంది."

"సగమా? ఏది సగమో నువ్వెప్పుడైనా కొలిచావా? ఆ ఆపరేటరు గదిలో గోడకి చిన్న కంత ఉండేది. ఒకే సినిమా నెలల తరబడి ఆడితే తెర ఏం చూస్తాడు? కంతలోంచి జనాన్ని చూసేవాడు. ఎవరు ఏడుస్తున్నారు, ఎవరు కొట్టుకోబోతున్నారు, ఏ పసిపిల్ల కక్కబోతోంది, అన్నీ ముందే తెలిసేవి. ఇప్పుడూ అదే పని. ఆ క్షవరం చేసే అతని జేబులో ఫోను ఆగకుండా మోగుతోందట. భార్య ఆస్పత్రిలో ఉంది. గిరాకీ కుర్చీలో ఉంటే ఫోను ఎత్తడానికి మొహమాటపడ్డాడు. ఈయన సగం జుట్టుతో లేచొచ్చాడు. కొడుకు పుట్టాడని తెలిశాక అతను మిగతా సగం కత్తిరించాడు."

ఎదురింటి అన్నదమ్ములు గుర్తొచ్చారు. అనకుండా మిగిలిపోయిన ఆ మామగారి మాట గుర్తొచ్చింది. మా గుమ్మంలో బ్లేడుతో రొప్పుతూ నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళూ నవ్వుకున్న ఇంటర్వెల్స్ అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"మరి పళ్ళ డాక్టరు దగ్గర?" అన్నాను.

"అది ఉత్త భయం" అంది పెద్దమ్మ.

లేచి మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన బజరు మూత ఊదుతున్నాడు, మీసాల నిండా దుమ్ము.

"పెదనాన్నా," అన్నాను, "ఆ రోజు నువ్వు రాకపోతే నేను ఈ పరీక్ష మళ్ళీ రాసేదాన్నే కాదు. నువ్వు కావాలనే వచ్చావని నాకిప్పుడే తెలిసింది. నీకెలా చెప్పాలో..."

ఆయన నా కళ్ళలోకి చూశాడు. మరుక్షణం కుడిచెయ్యి పైకి లేచింది.

"ఇంటర్వెల్!"

అని, చెప్పులు వేసుకుని టీ కొట్టు వైపు గబగబా నడిచాడు. ఇప్పుడు నేను డాక్టర్నయి, ఆ కుక్క మనవళ్ళకు కూడా మందులు వేస్తున్నాను. ఆ ఇంటర్వెల్ మాత్రం ఇంకా అవలేదు.